ఉద్వాసన చెప్పని తుపాకి

శస్త్రధారిణియైన జగన్మాతకు వట్టి చేతులు జోడించి ప్రారంభిస్తున్నాను. స్వస్తిశ్రీ చాంద్రమాన రుధిరోద్గారి నామ సంవత్సర ఆశ్వయుజ శుద్ధ నవమి, స్థిరవారం. స్థలం డాలస్ శివారులో మా అమ్మాయి ఇల్లు.

అంతకు పక్షం దినాల ముందు, ఎవడో ఒక భోజనశాలలో ప్రవేశించి ముక్కుమొగం ఎరుగని వారిని కాల్చాడని టీవీలో చెప్పారు. ఆ వార్తను అమ్మాయి, అల్లుడు ఒకే సోఫాలో కూర్చుని విన్నారు. తుపాకులు ఇంత సులభంగా దొరకరాదని ఆమెకు తోచింది. తనకొకటి లేకపోవడమే ప్రమాదమని అతనికి తోచింది. నాకు గ్రంథాలయం కార్డు ఇవ్వడానికి నివాసం రుజువు చేసే కాగితాలు రెండు అడిగిన ఊరిలోనే, అతడు మరునాడు ఒక పత్రం నింపి, భోజనవేళకు పిస్తోలుతో తిరిగివచ్చాడు. దానిని బూట్ల పెట్టెలో ఉంచి అలమర అడుగున దాచాడు. మా మనుమరాలికి నాలుగేళ్లు; మూత ఉన్న ప్రతి వస్తువునూ తెరిచి చూడడం ఆ పిల్ల నిత్యకృత్యం. కనుక అది ఇంట ఉండరాదని అమ్మాయి, ఉండి తీరాలని అల్లుడు. టీవీలో మెడపట్టీలు కట్టిన పెద్దమనుషులిద్దరు ఇదే వాదించేవారు. వారికి నడుమ ప్రకటనల విరామమైనా ఉండేది. మా ఇంట అదీ లేదు.

మహర్నవమి నాడు ఆయుధపూజకు ఇంటిలోని పనిముట్లన్నీ పీట మీదికి రావాలని నేను శాసించాను. కూరగాయల కత్తి, స్క్రూడ్రైవరు, కారు తాళాలు వచ్చాయి. నా విద్యకు సాధనం గనుక నా కళ్లజోడును నేనే ఉంచాను. అల్లుడు ఉత్సాహంగా పిస్తోలు తెచ్చి, ఖాళీగా ఉందని రెండుసార్లు విప్పి చూపి, నడుమ పెట్టాడు. దానికి పసుపు రాసి, కుంకుమ పెట్టి, గొట్టం మీద బంతిపువ్వు ఉంచాను.

హారతి అయ్యాక అమ్మాయి వినయంగా అడిగింది. "ఉద్వాసన చెప్పేదాకా పూజలో ఉన్నవి ముట్టుకోకూడదు కదా, నాన్నగారూ?"

శాస్త్రం అడిగినందుకు మురిసిపోయి, ముట్టరాదన్నాను.

"అయితే ఉద్వాసన చెప్పకండి."

కలశం ఒకటే, ఆవాహన ఒకటే. తుపాకిని మాత్రం నిలిపి తక్కినవాటిని విడిపించే మార్గం నేను చదివిన ఏ శాస్త్రంలోనూ లేదు. ఆదివారం కాకరకాయలు చేత్తో విరుచుకుని వండుకున్నాము. నేను ఒక్క అక్షరం చదవలేకపోయాను. సోమవారం అల్లుడు పక్కింటి ముసలి రైతు ట్రక్కులో ఆఫీసుకు వెళ్లాడు. ఆ ట్రక్కు వెనుక అద్దానికి రెండు తుపాకులు తగిలించి ఉంటాయి.

సాయంకాలం ఆ రైతు లోనికి వచ్చి, దుర్గాదేవి పటాన్ని తేరిపార చూసి, ఎనిమిది చేతులున్న ఈ అమ్మ తమ పక్షమేనని ప్రకటించాడు. ఆవిడ ఇంట్లో నాలుగేళ్ల పిల్ల లేదని మా అమ్మాయి ఇంగ్లీషులో బదులు చెప్పింది. ఆయన టోపీ తీసి చేత పట్టుకుని వెళ్లిపోయాడు.

అల్లుడు నా వైపు తిరిగాడు. "మావగారూ, ఇది ఫెయిర్ కాదండీ. రేపు నాకు మీటింగ్ ఉంది. కీస్ ఒక్కటి ఇప్పించండి."

నేను నోరు విప్పకముందే అమ్మాయి అంది. "గురువారం పాప ఆ బాక్స్ ఓపెన్ చేసిందండీ. కొత్త షూస్ అనుకుంది."

"నాకు చెప్పలేదేం?"

"చెప్తే లాక్ కొంటారు. దాని కీ ఎక్కడ పెట్టారో మర్చిపోతారు."

అతడు పీట మీది పిస్తోలు వైపు చూశాడు. "అప్పుడు అది లోడ్ చేసుందా?"

"మీకే తెలియాలి."

"గుర్తు లేదు," అన్నాడు. తల ఎత్తలేదు. తరువాత దుకాణానికి ఫోను చేసి, రేపు తెచ్చి ఇచ్చేస్తానని చెప్పాడు.

కాని తుపాకి తీసుకువెళ్లాలంటే కారు కావాలి. కారు కదలాలంటే ఉద్వాసన కావాలి. ఉద్వాసన జరిగితే అతని మనసు మారుతుందేమోనని అమ్మాయి అనుమానం. అందువల్ల మంగళవారం నాడు కలశంతో సహా పీటను ఒడిలో పెట్టుకుని నేను రైతుకూ అల్లుడికీ నడుమ ట్రక్కులో కూర్చున్నాను. మా తలల వెనుక రైతు తుపాకులు రెండూ గుంతలు వచ్చినప్పుడల్లా టకటకలాడాయి. దుకాణం ముందు, కార్లు నిలిపే చోట, అక్షతలు చల్లి, అమ్మవారిని స్వస్థానానికి వేంచేయమని ప్రార్థించి, పీటను ఈశాన్యంగా కదిపాను. రైతు గుండె మీద చెయ్యి వేసుకుని నిలబడ్డాడు. నేను మొదట నా కళ్లజోడు తీసి పెట్టుకున్నాను. దుకాణదారు గొట్టం మీది కుంకుమను వేలితో తుడిచి, వాసన చూసి, ఏమీ అడగకుండా, నింపమని మూడు పత్రాలు ఇచ్చాడు.

1983 అక్టోబరు 18, మంగళవారం సాయంకాలం ఆ దుకాణం పిస్తోలును వెనుకకు తీసుకుంది. నేను అక్కడ ఉన్న తక్కిన నాలుగు నెలలలో ఆ ఇంట వేరొకటి కొనలేదు.