కొలతలు తీసుకున్నాక

ఆ వీధిలో ఆవిణ్ణి అందరూ టైలరక్క అనేవాళ్లు. ఇరవై రెండేళ్లుగా ఇంటి ముందుగదిలో మిషను పెట్టుకుని ఆడా మగా అందరి బట్టలూ కుట్టేది. ఆవిడ పనికి వంక పెట్టినవాళ్లు లేరు. వారానికోసారి భర్తతో కలిసి ప్రార్థన మందిరానికి వెళ్లేది. విడిపోయినవాళ్లు మళ్లీ పెళ్లి చేసుకోవడం పాపమని అక్కడ చెప్పేవారు. ఆవిడా అదే నమ్మింది.

ఒక మధ్యాహ్నం, బళ్లో సంగీతం చెప్పే టీచరు లేత నీలంరంగు గుడ్డ పట్టుకొచ్చింది. మొదటి భర్తతో విడిపోకముందు నుంచీ, ఆరేళ్లుగా అన్నీ ఇక్కడే కుట్టించుకుంటున్న మనిషి. భుజాలూ నడుమూ అయ్యాక, చేతుల పొడవు కొలుస్తూ టైలరక్క మాటవరసకి అడిగింది.

"ఏంటమ్మా విశేషం?"

"పెళ్లి అక్కా. నాదే." టీచరు సిగ్గుగా నవ్వింది. "ఈసారన్నా బాగుంటుందని ఆశ."

టేపు అక్కడే ఆగిపోయింది.

"ఇది నేను కుట్టలేనమ్మా. మా నమ్మకానికి ఒప్పదు."

టీచరు చాచిన చేతులు మెల్లిగా దించుకుంది. వాదించలేదు. గుడ్డ మడిచి సంచిలో పెట్టుకుని, "మిమ్మల్ని ఇబ్బంది పెట్టాను" అని వెళ్లిపోయింది.

"మన షాపు, మన ఇష్టం. మంచిపని చేశావు" అన్నాడు భర్త. ఆ మాటతో మనసు కుదుటపడాలి. పడలేదు. రెండ్రోజుల తర్వాత ఇస్త్రీ చేస్తుంటే గుర్తొచ్చింది. కిందటేడు భర్త స్నేహితుడికి పెళ్లికోటు కుట్టింది. అతను వదిలేసిన మొదటి భార్య పక్కవీధిలోనే ఉండేది. అప్పుడు అడ్డురాని నమ్మకం ఇప్పుడెందుకు అడ్డొచ్చింది? పైగా మంచి గుండీలు వేయించుకోమని తనే సలహా ఇచ్చింది కూడా.

టీచరు దగ్గరికి వెళ్దాం, వెళ్దాం అనుకుంటుండగానే ఆమె పెళ్లి అయిపోయింది. చివరికి ఒకరోజు బడికి వెళ్లి, సంగీతం గది బయట బెంచీ మీద గంట కొట్టేదాకా కూర్చుంది. టీచరు రాగానే లేచి, కోటు సంగతి దాచకుండా చెప్పింది.

"తప్పు చేశాను తల్లీ."

టీచరు వచ్చి బెంచీ చివర కూర్చుంది.

"మీ నమ్మకాన్ని నేనేమీ అనను అక్కా. కానీ ఆరోజు ఇంటికెళ్లి, పెళ్లి మానేద్దామా అనుకున్నాను. ఇన్నేళ్లూ దగ్గరగా చూసిన మనిషే ఛీ కొట్టినట్టనిపించింది."

"మళ్లీ వస్తావా?"

"ఇప్పుడే రాలేను. కోపం కాదు. మీ ముందు నిలబడాలంటే బెరుకుగా ఉంది."

టైలరక్క తలూపింది. క్షమించమని అడగడానికి నోరు రాలేదు. ఇంటికొచ్చి, బట్టలు దేనికని ఇకమీదట ఎవర్నీ అడగనని భర్తతో చెప్పేసింది.

"మరి మన నమ్మకం?" అన్నాడతను.

"అది నాకింకా తేలలేదండీ" అంది.

టీచరు మళ్లీ ఆ గుమ్మం తొక్కలేదు. వీధిలో ఎదురైతే ఇద్దరూ పలకరించుకుంటారు. ముందు తలదించుకునేది మాత్రం టైలరక్కే.