యాడికని అడిగితే వాసవి ఆగేది

నిన్న పొద్దున స్కూల్లో ప్రేయర్ జరుగుతుండగా ఫోన్ వచ్చింది. వాసవి వాళ్ల నాన్న నంబర్.

ఎత్తితే ఆయన కాదు. వాళ్ల షాపులో పనిచేసే ఆయన.

"వాసవమ్మ లేదు మేడమ్. డోన్ బైపాస్ కాడ లారీ..."

నా నోటి నుంచి మొదట వచ్చిన మాట ఏమిటో తెలుసా? "హెల్మెట్ ఉండాదా తలకు?"

"ఉండాది మేడమ్."

ఉంటుంది. హెల్మెట్ లేకుండా వాసవి వీధి చివరికి కూడా పోదు.

ఇది చదివే చాలామందికి వాసవి అంటే ఆమె పెట్టిన ఆ ఫొటోనే. మనాలి పైన తెల్లటి కొండ, ఆకాశంలో పారాచూట్ లాంటి పెద్ద ఎర్ర కైట్, దాని తాడు పట్టుకుని కాళ్లకు స్కీలతో మంచు మీద దూసుకుపోతున్న అమ్మాయి. దాన్ని స్నోకైటింగ్ అంటారు. అందరూ "సూపర్" అని కామెంట్ పెట్టారు.

నేను పెట్టలేదు. ఆ ఫొటోలో ఆమె పక్కన నేనుండాలి.

నాకు వాసవి అంటే మొదటి నుంచీ కుళ్లే. కర్నూలు కాలేజీలో మాది ఒకే బెంచీ. మా ఇంట్లో బడి మెట్లెక్కింది నేనొక్కదాన్నే. ఆమెకు డోన్ బజార్లో బట్టల షాపు, ఏం అడిగినా "పోయిరామ్మా" అనే నాన్న.

నెట్ సెంటర్లో స్నోకైటింగ్ వీడియో మొదటిసారి ఇద్దరం కలిసే చూశాం. ఆగి ఆగి వస్తోంది. బయట ఎండ మండిపోతోంది. "పోదామా?" అంది.

మా నాన్నకు చెబితే, "ఆడ పని దొరుకుతాదామ్మా?" అన్నాడు. లేదన్నాను. "పని లేకుండా అంత దూరం ఎవరన్నా పోతారా?"

వాసవి మాత్రం దాన్ని పరీక్షకు చదివినట్టు చదివింది. పైకి పోగానే ఎగబడకూడదు, ఒళ్లు అలవాటు పడేదాకా ఊరికే ఉండాలి. కొత్త మంచు పేరుకున్న వాలు జోలికి పోకూడదు. గాలి ఎక్కువుంటే కైట్ సంచిలోంచే తీయకూడదు. అక్కడివాళ్లు వద్దంటే మాట్లాడకుండా దిగిపోవాలి.

ప్రాక్టీస్‌కు ఒక పాత చిన్న కైట్ సంపాదించింది. డోన్ పక్కనే మా ఊళ్లో, శెనక్కాయలు పీకేసిన చేలలో ఎగరేసేవాళ్లం.

ఒకరోజు గాలి ఒక్కసారిగా తిరిగింది. కైట్ ఆమెను కంపచెట్ల వైపు ఈడ్చుకుపోతోంది. ఏమని అరవాలో తెలియక, "యాడికే? యాడికి పోతాండావే?" అని అరిచాను.

టక్కున కైట్ వదిలేసింది. ఎర్రమట్టిలో చతికిలబడి నన్ను తిట్టింది.

"బయల్దేరినదాన్ని యాడికని అడుగుతావా పాపిష్టిదానా! ఇంగ కూచ్చోని నీళ్లు తాగి పోవల్ల."

మన ఇళ్లల్లో అంతే కదా. గడప దాటేవాళ్లను ఎక్కడికని అడగకూడదు. అడిగితే వాళ్లు వెనక్కొచ్చి, కాసేపు కూర్చుని, నీళ్లు తాగి మళ్లీ బయల్దేరాలి.

నీళ్లు తాగుతూ తాగుతూ అంది: "లచ్చిమీ, ఇదే మన రూల్. కొండ మీద నువ్వు యాడికంటే నేను ఆగల్ల. నేనంటే నువ్వు. ఎందుకని అడిగేది లేదు."

సరిగ్గా ట్రిప్ సమయానికి నాకు టీచర్ పోస్ట్ వచ్చింది. కమలాపురంలో జాయిన్ కావాలి. ఆర్డర్ చూసి ఏడ్చాను. మావాళ్లు సంతోషమనుకున్నారు.

నా బదులు స్నేహ పోయింది. చదువయ్యాక హైదరాబాద్‌లో వాసవి ఉద్యోగం చేస్తున్న ఆఫీసులో ఫ్రెండ్.

తిరిగొచ్చాక వాసవి చెప్పింది. మంచి ఊపులో ఉందట. కిందనుంచి స్నేహ "యాడికే!" అని అరిచిందట. వెంటనే కైట్ వదిలేసి మంచులో కూర్చుందట, ఫ్లాస్క్‌లో వేడినీళ్లు తాగిందట. అంతలోనే పైన గాలి విరుచుకుపడిందట.

"మన రూలే కాపాడింది లచ్చిమీ."

ప్రాణం దక్కిందని సంతోషించాలి. నాకు మాత్రం కడుపు మండింది. అది నా మాట. డోన్ చేలో పుట్టిన మాట. ఆ హైదరాబాద్ పిల్ల నోట్లోకి ఎట్లా పోయింది?

నా మొహం చూసి నవ్వింది. "కుళ్లుకోవద్దులే. వచ్చే చలికాలం మనిద్దరమే."

ఆ చలికాలమే ఇప్పుడు రాబోయేది.

నిన్న స్నేహ కూడా వచ్చింది. నాకంటే ఎక్కువగా ఏడ్చింది. దానికీ కుళ్లుకున్నాను.

వాసవి వాళ్లమ్మ ఒకే మాట అంటూ ఉంది. "బండి తీస్తా ఉంటే యాడికని నోటిదాకా వచ్చె. అడగగూడదని మింగితి. అడిగుంటే కాసేపు కూచ్చోనుండును."

మధ్యదారిలో పాడె దించారు. పోయినవాళ్లను చెవిలో మూడుసార్లు పేరు పెట్టి పిలిచేది అక్కడే. ఆడవాళ్లు అంత దూరం పోరు. నేనూ స్నేహా పోయాం.

వాళ్ల నాన్న వంగాడు. పిలవబోయి తల తిప్పి నన్ను చూశాడు.

"నువ్వు అడుగమ్మా. నువ్వడిగితే ఆగుతాది కదా."

స్నేహను కాదు. నన్ను.

నేను పేరు పిలవలేదు. చెవి దగ్గర మూడుసార్లు అడిగాను. "యాడికే? యాడికే? యాడికి పోతాండావే?"

నీళ్ల సీసా నా చేతిలోనే ఉంది.

ఆగలేదు.

మొదటిసారి నువ్వు రూల్ తప్పావు వాసవీ. నేను చూడని చోటికి మళ్లీ నాకంటే ముందు పోయావు.

ఈ చలికాలం నేను కొండకు పోతాను. స్నేహను కూడా రమ్మన్నాను. నువ్వు చెప్పినవన్నీ పాటిస్తాను. గాలి తిరిగినప్పుడు పైనుంచి ఒక్కసారి అడుగు, యాడికని. ఎందుకని అడగను. కూర్చుంటాను.

నువ్వు ఇంక తొందరపడాల్సిన పని లేదు. ఎక్కడున్నా నెమ్మదిగా కూర్చో తల్లీ, చల్లగా ఉండు.