రేడియో మేడంగారు తగ్గించిన గోల

సరోజినీ మేడంగారు ఇక లేరన్న కబురు ముందుగా నాకు తెచ్చినవాడు మా వీధి చివరి ఐసు ఫ్యాక్టరీలో మిషను ఆపరేటరు సత్తిబాబు. పొద్దున్నే గుమ్మం ముందు సైకిలు ఆపి, లోపలికి రాకుండా నిలబడిపోయాడు.

"మేడంగారు ఎల్లిపోయారండి," అన్నాడు.

"ఎక్కడికి, తునికేనా?" అన్నాను. తునిలో ఆవిడ చెల్లెలుగారున్నారు.

సత్తిబాబు తల అడ్డంగా ఊపాడు. అల్లుతున్న లేసు నా చేతిలో అలాగే ఉండిపోయింది. నిద్రలోనే, ఏ బాధా లేకుండా పరమపదించారట. అంత సునాయాసమైన మరణాన్ని అనుగ్రహించిన దేవునికి ముందు కృతజ్ఞత చెప్పుకున్నాను. ఏడుపు ఆ తరవాత వచ్చింది.

రాజమండ్రిలో ఒక పాలిటెక్నిక్ ల్యాబులో చిరకాలం పనిచేసి, రిటైరయ్యాక మా నరసాపురం వచ్చి స్థిరపడిన విదుషీమణి ఆవిడ. విశ్రాంతి మాత్రం ఎరగరు. ఐసు ఫ్యాక్టరీలకూ రైసు మిల్లులకూ ప్రెషర్ సెన్సర్లు బాగుచేసేవారు. గొట్టంలో ఒత్తిడి ఎంతుందో కనిపెట్టి, సన్నని కరెంటు రూపంలో మీటరుకి చెప్పే చిన్న పరికరం అది. ఆ కరెంటు మరీ సన్నం. పక్కన పెద్ద మోటారు తిరిగితే చాలు, దాని అలజడి ఇందులో కలిసి మీటరులో అంకెలు గంతులేస్తాయి. చదువుకున్నవాళ్ళు దాన్ని నాయిస్ అంటారు. మేడంగారు శుభ్రంగా గోల అనేవారు.

నేను బడికి వెళ్ళినదాన్ని కాను. చర్చిలో ఉపదేశిగా ఉన్న నాన్నగారు ఇంట్లోనే అక్షరాలు దిద్దించారు. అమ్మ లేసు నేర్పింది. తీగలు కరిగించిన సీసంతో అతికే సోల్డరింగు మేడంగారు తమ వరండాలో కూర్చోబెట్టి నేర్పారు. పని మొదలుపెట్టే ముందు నేను కళ్ళు మూసుకుంటే, ఇంట్లో దీపం పెట్టుకుని వచ్చి కూర్చున్న ఆవిడ, నా ప్రార్థన అయ్యేదాకా రేడియో వేసేవారు కాదు. "నీ మాటైనా పైకి గోల లేకుండా వెళ్ళనీవే మణీ," అనేవారు.

ఆ రేడియో సంగతి చెప్పాలి. అరచేతిలో ఇమిడే పాత ట్రాన్సిస్టరు. ఏ స్టేషనూ రానిచోట ముల్లు పెట్టి, దాన్ని తీగల వెంబడి తిప్పేవారు. గోల పుట్టే చోటికి రాగానే అది గీమని అరిచేది. ఎరగనివాళ్ళు ఈవిడ పాటల కోసం వెతుక్కుంటున్నారనుకునేవారు. ఒక రైసు మిల్లు మేస్త్రి జాలిపడి, "ఇక్కడ రాదండి, డాబా మీదకెళ్ళండి మేడంగారూ," అన్నాడు. "పాటలకి తరవాత వెళ్తాను నాయనా, ముందు నీ మోటారు కచేరీ విననీ," అన్నారట. అప్పటినుంచి ఊరంతటికీ ఆవిడ రేడియో మేడంగారు.

మా వీధి ఐసు ఫ్యాక్టరీ నడిచేది, పీలిస్తే ప్రాణం తీసే అమ్మోనియా గ్యాసుతో. ఒత్తిడి హద్దు దాటితే సెన్సరు మిషనుని ఆపేయాలి. ఆపకపోతే, గొట్టం పగిలి ఆ గ్యాసు ముందుగా వచ్చేది మా ఇళ్ళలోకే. మోటారు వేగాన్ని మార్చే కొత్త పెట్టె ఒకటి బిగించాక, ఒత్తిడి పెరగకుండానే మిషను మాటిమాటికీ ఆగిపోసాగింది. నీళ్ళు గడ్డకట్టవు, రేవులో పడవలు ఐసు కోసం పడిగాపులు. యజమాని విసిగిపోయారు.

"ఆ సెన్సరు వట్టి అబద్ధాలకోరు. దాన్ని తప్పించి, తీగలు రెండూ కలిపేసి నడిపెయ్ రా," అన్నారు సత్తిబాబుతో.

"ఆయ్, కలపనండి. ఈ గోడవతలే మా అమ్మ పడుకుంటదండి."

"అయితే రేపట్నించి కలిపేవాణ్ణే పెట్టుకుంటాను."

"మీ ఇష్టమండి. ఈలోగా రేడియో మేడంగారిని ఓసారి పిలవండి బాబూ."

మేడంగారి వెంట, తీగల పనికి సాయంగా, నేనూ అమ్మా వెళ్ళాం. గోడ వెంబడి నడిచి నడిచి, ఒకచోట రేడియో చెవులు చిల్లులు పడేలా అరిచింది. సెన్సరు తీగనీ మోటారు తీగనీ ఒకే గొట్టంలో తోసేశారు! "మీ నాన్నగారిని చేపల మార్కెట్లో నిలబెట్టి ప్రార్థన చెయ్యమన్నట్టుందే!" అన్నారు మేడంగారు. సెన్సరు తీగలను దూరంగా లాగించారు. వాటిని జంటగా పురిపెడితే, రెంటి మీదా సమానంగా పడ్డ గోల ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుందన్నారు. పురిపెట్టడం మా చేతులకు ఒకరు నేర్పాలా? ఆ పైన రాగి తీగతో అల్లిన తొడుగు. దాన్ని చూసి అమ్మ మురిసిపోయింది. "ఎవరల్లారే ఇంత నున్నగా!"

మిషను వేశారు. గంతులు తగ్గాయిగాని, అంకెల వణుకు పోలేదు. యజమాని మొహం మాడ్చుకున్నారు. మేడంగారు తొడుగు రెండు చివరలూ చూసి పకపకా నవ్వారు. లేసులో కొస వదిలితే అల్లికంతా ఊడిపోతుంది. ఆ భయంతో అమ్మ తొడుగును రెండువైపులా, భూమిలోకి దిగే ఎర్తు తీగకు బిగించేసింది!

"వదినగారూ, రెండుచోట్లా కడితే గోల ఇటెక్కి అటు దిగడానికి వంతెన వేసినట్టేనండి. ఒక కొస వదిలెయ్యండి."

"వదిలేస్తే ఊడిపోదాండీ?"

"ఊడదండి, నాదీ పూచీ."

అమ్మ నమ్మకం లేకుండానే విప్పింది. అంకె కదలకుండా నిలబడింది. సత్తిబాబు ఈల వేశాడు, యజమాని ముందరే.

యజమానికి ఆశ పెరిగింది. "ఇంకాస్త మొద్దుబార్చండి మేడంగారూ, ఇక ఎప్పుడూ ఆగకుండా." ఆవిడ మిగిలిన గంతుల్ని మింగేసే ఒక చిన్న కెపాసిటరు మాత్రం వేసి ఊరుకున్నారు. పెద్దది వేస్తే నిజంగా ఒత్తిడి పెరిగినా ఆలస్యంగా తెలుస్తుందట. "గోల తగ్గించమన్నారు, తగ్గించాను. గొంతు నొక్కమంటే నావల్ల కాదండి," అన్నారు.

చాలాకాలానికి ఒక మధ్యాహ్నం చల్లబరిచే నీళ్ళ పంపు చెడి, ఒత్తిడి నిజంగానే పెరిగింది. మిషను ఠక్కున ఆగింది. ఈసారి సెన్సరుని ఎవరూ తిట్టలేదు. "ముందు పంపు చూడరా!" అంటూ యజమానే పరుగెత్తారు. ఆ సాయంత్రం మా వీధిలో పిల్లలు ఎప్పటిలాగే ఆడుకున్నారు. అమ్మ అరుగు మీద లేసు అల్లుకుంది. దేవునికి స్తోత్రం.

యజమాని శాలువా తెచ్చి మేడంగారికి కప్పబోతే, ఆవిడ దాన్ని అందుకుని సత్తిబాబు భుజాన వేశారు. "నాకేం, రేడియో ఉంది. చేతిలో ఏ ఆధారమూ లేకపోయినా, ఉద్యోగం పోతుందన్నా తీగ కలపనివాడు వీడండి. నా పేరు చెప్పినచోటల్లా వీడి పేరూ చెప్పండి," అన్నారు.

అటువంటి మనిషిని మళ్ళీ ఎక్కడినుంచి తెచ్చుకుంటాం? ఆ నవ్వు, ఆ చేయి, ఆ చెవి ఇంకొకరికి రావు. ఒక కొస దేవుని చేతిలో భద్రంగా ఉందని తెలిసీ, రెండోది వదలడానికి నా వేళ్ళు ఇంకా ఒప్పుకోవడం లేదు. నా గురువుకు ఇవే నా నమస్సులు. ఆవిడను ఎరిగినవారెవరూ ఎలాగూ మరవరు. ఆవిడ కోరినట్టు, చదివిన మీరంతా ఒక్క మనిషిని గుర్తుపెట్టుకోండి: మా సత్తిబాబుని.