మూడో అంతస్తు నుంచి నేర్చిన విద్య

వీధిలో అందరూ ఆయన్ని అద్దాలాయన అంటారు. ముఖం చూసుకునే అద్దాలు కావు, ముక్కు మీద పెట్టుకునేవి. కళ్ళజోళ్ళ దుకాణం వెనక గదిలో, తిరిగే సానరాయి ముందు కూర్చుని, గుండ్రటి గాజుబిళ్ళను ఫ్రేములో ఇమిడేలా అంచులు అరగదీయడం ఆయన పని. ముప్పై ఒక్క ఏళ్ళుగా అదే స్టూలు, రాయి మీద పడే అవే నీటిచుక్కలు. ముందు గదిలో జనం ఫ్రేములు పెట్టుకుని ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకుని నవ్వుకుంటారు. వెనక గదికి వాళ్ళ కళ్ళజోళ్ళు వస్తాయి గానీ వాళ్ళు రారు. ఊళ్ళో సగంమంది కళ్ళజోళ్ళు ఆయన చేతుల మీదుగా వెళ్ళినవే. దారిలో ఎదురైతే పలకరించేవాళ్ళను మాత్రం ఒక చేతి వేళ్ళతో లెక్కపెట్టవచ్చు.

ఆ పనికి ఒక పద్ధతి ఉంది. ఫ్రేము ఎలా ఉంటే అద్దమూ అలాగే ఉండాలి. ఎవరో చూసుకోకుండా కళ్ళజోడు మీద కూర్చున్నారు, ఎడమవైపు గుండ్రం కాస్తా కోలగా సాగింది అనుకోండి. అద్దాన్నీ ఆ వంకరకే అరగదీయాలి. సొంత తెలివితో సరిదిద్దబోతే అద్దం పట్టదు, పట్టినా నాలుగు రోజుల్లో ఊడి పడుతుంది. నమూనా మీద అనుమానం పెట్టుకోకపోవడం ఆయనకు అలా ఒంటబట్టింది.

ఇంట్లో అక్కా తమ్ముడూ ఇద్దరే ఉండేవారు. ఇద్దరికీ పెళ్ళి యోగం లేకపోయింది, తగువుల యోగం మాత్రం పుష్కలంగా ఉండేది. ఫ్యాను వెయ్యాలని ఆయనంటే ఆపాలని ఆవిడ. ఆవిడ పోయాక ఫ్యాను ఎప్పుడు కావాలంటే అప్పుడు వేసుకోవచ్చు. ఆ స్వాతంత్ర్యంతో ఏం చేసుకోవాలో ఆయనకు తోచలేదు. కొన్నాళ్ళకు ఊపిరి సగంలో ఆగిపోవడం మొదలైంది.

డాక్టరు గుండె చూశాడు, వీపు తట్టాడు. "ఊపిరితిత్తులు బ్రహ్మాండంగా ఉన్నాయండీ. మీరే పూర్తిగా పీల్చడం లేదు. ఏదైనా శ్వాస సాధన నేర్చుకోండి."

"ఎక్కడండీ?"

"ఎక్కడైనా. నలుగురిలో."

అన్నిట్లోకీ కష్టమైన మందు అదే. ఆయన నలుగురిలోకి వెళ్ళలేదు గానీ, నలుగురు కాదు, ఎనిమిది మంది ఆయన వంటింటి కిటికీ కింద దొరికారు. వెనకవైపు మూతపడ్డ బస్సుల షెడ్డు ఉంది. దాని ఆవరణలో తెల్లవారగానే అందరికీ ముందు ఒక పెద్దావిడ నిలబడేది, ఏడుగురు ఆమె వెనక. అందరూ నీటి అడుగున నడుస్తున్నట్టు మెల్లగా కదిలేవారు. అది చీగాంగ్ అనే చైనా శ్వాస విద్య అని దుకాణానికొచ్చిన ఓ పాత పత్రికలో చదివాడు. ఓడరేవుల్లో సామాను దించే కూలీలూ, పార్కుల్లో మనవల్ని కాచే ముసలమ్మలూ దేశదేశాల్లో చేసేదే ఇది. పుస్తకాలు దాని గురించి బోలెడు చెబుతాయి: పొట్ట అడుగున పోగయ్యే బలమనీ, వేళ్ళ చివర్ల వెచ్చదనమనీ, తేరుకున్న చెరువులా మనసనీ. అందులో సగం నమ్మినా మేలే జరుగుతుంది.

ఆయన నాలుగేళ్ళు నేర్చుకున్నాడు, మూడో అంతస్తు నుంచి. ఎప్పుడో వేసిన రంగుకు కిటికీ తలుపు అంటుకుపోయింది, తెరుచుకోదు. మాట వినబడదు. పెద్దావిడ చెయ్యెత్తితే చెయ్యెత్తాడు, మోకాలు వంచితే వంచాడు. పెద్ద బుంగను కౌగిలించుకున్నట్టు చేతులు చాపి చెట్టులా నిలబడే భాగం ఒకటుంది, అందులో మిగతావాళ్ళు కళ్ళు మూసుకుంటారు. ఆయన మూసుకోలేదు. మూసుకుంటే తర్వాత ఏం చెయ్యాలో ఎవరు చెబుతారు?

ఊపిరి మాత్రం తిరిగొచ్చింది. సాన ముందు చెయ్యి రాయిలా నిలబడేది, మనసు కూడా అంత ముసురుకునేది కాదు. పైగా, బూట్ల మీద ఎప్పుడూ పిండి ఉండే ఒక బేకరీ మేస్త్రి రెండు రోజులు కనబడకపోతే ఈయనకు అన్నం సయించలేదు. మూడో రోజు వస్తే "అమ్మయ్య" అన్నాడు పైకే. రోజు మొత్తంలో ఆయన మనుషుల మధ్య ఉన్నది ఆ అరగంటే. వాళ్ళకా సంగతి తెలియదు.

అటువంటి సమయంలో కిటికీకీ ఆవరణకూ మధ్య ఖాళీ స్థలంలో కొత్త భవనం గోడ ఒకటి లేవడం మొదలుపెట్టింది. వారానికి ఓ మూడు అడుగులు. ముందు దగ్గరి వరస కనబడకుండా పోయింది, తర్వాత మేస్త్రి, తర్వాత తక్కినవాళ్ళు.

"ఏం గురువుగారూ, వారంలో మూడు అద్దాలు పగిలాయి. ముప్పై ఏళ్ళలో మూడు పగలగొట్టలేదు మీరు" అన్నాడు దుకాణం ఓనరు. వయసులో చిన్నవాడు, నోరు పెద్దది.

"మా కిటికీకి అడ్డంగా గోడ లేస్తోంది."

"లేస్తే? అక్కడ్నించి మీరేమైనా రాజ్యాన్ని ఏలుతున్నారా?"

"కింద ఎనిమిది మంది ఉంటారు."

"చుట్టాలా?"

"కాదు."

"స్నేహితులా?"

"వాళ్ళకు నేను తెలియదు."

ఓనరు కళ్ళజోడు నెత్తి మీదికి తోసుకున్నాడు. "అయితే దిగండి మహానుభావా! మూడంతస్తులేగా."

"దిగి ఏమనాలి?"

"నేనొచ్చానండీ అనండి. ఇంకా ఏమిటి, సన్మానపత్రం చదువుతారా?"

పెద్దావిడ తలా చేతులూ మాత్రమే కనబడుతున్న రోజున ఆయన మెట్లు దిగాడు. "నేనొచ్చానండీ" గొంతులోనే ఉండిపోయింది. అయినా ఆమె, "వెనక నిలబడు నాయనా, చేతనైనంత చెయ్యి" అంది. ఆమె చేతనైనంత అంటే ఈయన అంతా చేసేశాడు.

"పెద్దక్కా! ఈ కొత్తాయన నాకంటే బాగా చేస్తున్నాడు. తొమ్మిదేళ్ళుగా నేను పొర్లుతున్నానిక్కడ" అన్నాడు మేస్త్రి.

"తొమ్మిదేళ్ళుగా నువ్వు కబుర్లు చెబుతున్నావు" అంటూ ఆమె దగ్గరికొచ్చి ఈయన చేతులు పరీక్షగా చూసింది. "కుడి భుజం నెప్పా నాయనా?"

"లేదండీ."

"మరి ఎడమ చెయ్యి ఆకాశానికి పోతుంటే కుడిది చెవి దగ్గరే ఆపావేం?"

"మీరు అక్కడే ఆపుతారు కదండీ."

ఆమె తన కుడి భుజం పట్టుకుంది. "నాది ఆసుపత్రి లాండ్రీలో తడి దుప్పట్లు మోసి మోసి పోయిన భుజం. మొదటిరోజే చెబుతాను అందరికీ, చెయ్యి పూర్తిగా ఎత్తండి, నన్ను చూడకండి, మాట వినండి అని."

"నాకు మాట వినబడదండీ. నాది మూడో అంతస్తు." గోడ పైన మిగిలిన కిటికీ ముక్కను వేలితో చూపించాడు.

అందరూ పగలబడి నవ్వారు. "అంటే మా పెద్దక్క నెప్పికి పైన బ్రాంచి కూడా ఉందన్నమాట!" అన్నాడు మేస్త్రి కళ్ళు తుడుచుకుంటూ. ఆమె కూడా నవ్వింది. అద్దాలాయనా నవ్వాడు. నలుగురితో కలిసి నవ్వి ఎన్నేళ్ళయిందో, ఆ సంబరంలో ఆయన నోరు జారింది.

"మరి తల తిప్పడమో? అది కూడా నెప్పేనాండీ?"

"తలేమిటి?"

చేతులు చాపి చెట్టులా నిలబడి చేసి చూపించాడు. "అందరూ కళ్ళు మూసుకోగానే మీరు ఇలా ఎడమవైపు, గేటు కేసి చూస్తారు. చేతులు దించబోయే ముందు మళ్ళీ ఒకసారి. నేనూ రోజూ అలాగే ఎడమవైపు చూస్తాను."

ఈసారి ఎవరూ నవ్వలేదు. ఆమె ముఖం గోడలా అయిపోయింది. "ఇవాళ్టికి చాలు" అని సంచీ తీసుకుని వెళ్ళిపోయింది.

మేస్త్రి నేలను చూస్తూ చెప్పాడు. "ఈవిడ పెద్దక్క ఎందుకయిందంటావు అన్నయ్యా? చిన్నక్క ఉండేది. ఈమెకి సొంత చెల్లెలు. మాకీ విద్య తెచ్చిందే ఆవిడ. ఆరేళ్ళ కిందట ఇక్కడే ఇద్దరూ మాటా మాటా అనుకున్నారు. ఆ గేటు దాటిన మనిషి మళ్ళీ రాలేదు. ఈవిడ ఆ పేరు ఎత్తనివ్వదు. మర్చిపోయిందనే అనుకున్నాం మేమంతా."

ఆ రోజంతా సాన తిరుగుతూనే ఉంది, ఆయన చేతిలో అద్దం కదల్లేదు. తన వంటింట్లో ఎడమవైపు ఉండేది గేటు కాదు, గిన్నెల స్టాండు. నాలుగేళ్ళుగా పొద్దున్నే రెండుసార్లు గిన్నెల స్టాండు కేసి చూసింది, ఎవరి చెల్లెలి కోసమో.

మర్నాటికి ఇంకో వరస ఇటుకలు లేచాయి, కిటికీలోంచి ఎవరూ కనబడలేదు. చేతులెత్తి నిలబడ్డాడు. రెండో కదలిక తర్వాత మూడోది ఏమిటో గుర్తురాలేదు. మెట్లు దిగాడు, ప్రతి అంతస్తులోనూ ఆగి. "రావద్దు" అంటే ఇంక వెళ్ళడానికి చోటు లేదు.

ఆమె ఒక్కతే తొందరగా వచ్చి ఉంది.

"నేను చెప్పకుండా ఉండాల్సిందండీ."

"చెప్పావుగా." చాలాసేపు చేతిసంచీ పిడి సవరించుకుంది. తర్వాత, చుట్టూ ఎవరూ లేకపోయినా గొంతు తగ్గించి, "పైనుంచి గేటు బయట కూడా కనబడేదా నీకు?" అంది.

"కనబడేదండీ. వీధి మలుపు దాకా."

"ఎప్పుడైనా... ఒక పొట్టి మనిషి, నాకంటే తెల్లటి జుట్టు. బయటే కాసేపు నిలబడి, లోపలికి రాకుండా వెళ్ళిపోయినట్టు?"

ఒక్క అబద్ధం చాలు. ఆమె ముఖంలోకి రక్తం వస్తుంది, తనకు వరసలో చోటు ఖాయమవుతుంది. "ఒకసారి వచ్చినట్టుందండీ" అంటే పోయేదేముంది? ఆయన నోటిదాకా వచ్చింది కూడా. కానీ లేని ఆకారానికి అద్దం అరగదీయడం ఆయనకు చేతకాదు.

"లేదండీ. నేను చూసిన నాలుగేళ్ళలో ఎవరూ రాలేదు."

ఆమె తలూపింది. ఒకటి, రెండు, మూడుసార్లు. ఆరేళ్ళుగా తెలిసిన సంగతే ఇంకొకరి నోట విన్నట్టు ఉంది ఆ ఊపు. ఈలోగా మేస్త్రీ, తక్కినవాళ్ళూ వచ్చి నిలబడ్డారు.

"ఏం చూస్తున్నావు? వరసలోకి వెళ్ళు" అందామె అందరికీ వినబడేలా. "చెయ్యి పూర్తిగా ఎత్తు. కళ్ళు మూసుకోమన్నప్పుడు మూసుకో. ఇకమీదట ఇక్కడ ఎవరూ ఎవర్నీ చూడరు."

చెట్టులా నిలబడే వేళ ఆయన కళ్ళు మూసుకున్నాడు. నాలుగేళ్ళుగా చూపుతో పట్టుకున్నవాళ్ళంతా ఒక్కసారిగా పోయారు. తన వంటింట్లో కూడా ఇంత ఒంటరిగా అనిపించలేదు. రెప్పలు తెరిస్తే చాలు, అందరూ ఉంటారు. తెరవలేదు.

కాసేపటికి చెవికి ఒక చప్పుడు అందింది. ఎనిమిది ఊపిర్లు. వాళ్ళు వదిలే చోట తాను పీలుస్తున్నాడు, పీల్చే చోట వదులుతున్నాడు. కిటికీ అద్దంలోంచి అది తెలియలేదు. పీల్చిన గాలిని అలాగే బిగబట్టి ఆగాడు. వాళ్ళు వదిలారు, మళ్ళీ పీల్చారు. తర్వాతిసారి వాళ్ళు వదిలినప్పుడు ఆయనా వదిలాడు.