నాయన తలలో మిషను

మా నాయన దుమ్ముగూడెంలో మంగలి దుకాణం నడిపేవాడు. గడ్డం గీసేది పది నిమిషాలు, కబుర్లు గంట. గోదావరి ఎంత పెరిగింది, ఎవరి గేదె ఎవరి చేలో పడింది, అన్నీ కత్తి గొంతు మీద ఉండగానే చెప్పేవాడు. అవతలివాడు ఎదురు మాట్లాడలేడు కదా! "ఈ మనిషి నోరు మూయించే దేవుడింకా పుట్టలే" అని అమ్మ రోజూ తిట్టేది.

అటువంటి మనిషికి చేతులు వణకడం మొదలైంది. పార్కిన్సన్ జబ్బన్నారు. మందులు కొన్నాళ్లు పనిచేసి మొండికేశాయి. వణికే చేతిలో కత్తి ఉంటే ఎవరు మెడ చాస్తారు? పాతవాళ్లు నలుగురు మాత్రం మొహమాటానికి వచ్చి, గడ్డం వద్దులే అంటూ బెంచీ మీద కూర్చునేవారు. "నాతోని గడ్డం గీయించుకోనోడు నా దుకాణంల ఎందుకు కూసుంటడు?" అని వాళ్లు వెళ్లాక నాయన ఏడ్చాడు. ఆయన ఏడవడం నేను చూసింది అదే మొదలు.

హైదరాబాదులో ఒక డాక్టరు, మెదడులోకి సన్నని తీగలు దించి, ఛాతీలో చర్మం కింద చిప్ ఉన్న చిన్న మిషను పెడితే వణుకు ఆగుతుందన్నారు. కొత్తగా చేస్తున్న వైద్యం కనుక ఖర్చు దవాఖానాయే పెట్టుకుంది. లోపల రక్తం కారొచ్చు, మాట దెబ్బతినొచ్చు అని కూడా చెప్పి సంతకం పెట్టించుకున్నారు. నాయన విన్నది వణుకు ఆగుతుందన్నంత వరకే.

ఆపరేషనుకు ముందు గుండు చేయడానికి ఒకతను వచ్చాడు. నాయన ఊరుకుంటాడా! "కత్తి గట్ల పడతరా? బెండకాయ కోస్తున్నవా ఏంది? తోలు బిగ్గ పట్టు!" అని పాఠం మొదలుపెట్టాడు. నేను సిగ్గుతో చచ్చాను. ఆ ఆపరేషను, మనిషి మెలకువగా ఉండగానే చేస్తారు, చెయ్యి కదిపించి, మాట్లాడించి చూస్తారు. "జల్దీ ఏం లేదు సారూ, నిదానంగ కానియ్యుండ్రి. తల మీద పని ఎట్లుంటదో నాకెరుకే" అని ఆయన డాక్టరుకే ధైర్యం చెప్పాడట.

కొన్ని వారాలకు మిషను ఆన్ చేశారు. నాయన చేతికి నిండు గ్లాసు ఇస్తే చుక్క తొణకలేదు. నాకు కళ్లనీళ్లు ఆగలేదు. అప్పుడాయన ఏదో అన్నాడు. మాట ముద్దగా వచ్చింది, ఒక్కరికీ అర్థం కాలేదు. కరెంటు తగ్గిస్తే మాట వచ్చింది, వణుకూ వచ్చింది. డాక్టరు ఎన్ని రకాలుగా మార్చి చూసినా అంతే. చివరికి ఆన్, ఆఫ్ చేసుకోవడానికి చిన్న రిమోటు చేతికిచ్చి పంపారు. నాకు ఒళ్లు మండింది. మనిషికి చేతులూ మాటా రెండూ కావాలనడం అత్యాశా?

సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే వస్తున్న రోజులు. ఊళ్లో ఒకటే ఆరాలు. "మామా, నీ తలల సిగ్నల్ అందుతదా?" "కరెంటు పోతే నువ్వు గూడ ఆగుతవా?" దుకాణంలోనూ ఇంట్లోనూ మిషను ఆన్‌లోనే ఉంచుకున్న నాయన, బదులు చెప్పలేక గుర్రుగా చూసేవాడు. దుకాణం మళ్లీ నిండింది. గడ్డాలు నున్నగా దిగుతున్నాయి, పది నిమిషాలకే ఎవరి దారిన వాళ్లు పోతున్నారు. "ఇన్నేండ్లకు నా చెవులు చల్లబడ్డయి" అని అమ్మ పక్కింటామెతో చెప్పుకుని నవ్వింది.

వారం తిరిగేసరికి ఆ నవ్వు తగ్గింది. అన్నం పెట్టి ఆయన మొహంలోకి చూస్తూ కూర్చునేది. ఆయన తలొంచుకుని తినేసి లేచేవాడు.

మంగళవారం దుకాణానికి సెలవు. ఆ మధ్యాహ్నం అమ్మ రిమోటు తెచ్చి నాయన ముందు పెట్టింది.

"బందు చెయ్యి."

నాయన రెండు చేతులూ ఎత్తి ఆడించి చూపించాడు, ఇట్లా అవుతాయని.

"వణికితే వణకనీ. నేను పట్టుకుంట. నువ్వు మాట్లాడు."

ఆయన బటన్ నొక్కాడు. కాసేపటికి చేతులు వణకడం మొదలైంది. అమ్మ వాటిని ఒడిలోకి లాక్కుని గట్టిగా పట్టుకుంది. నాయన గొంతు సవరించుకున్నాడు.

"నాలుగు దినాల సంది చెప్దామని చూస్తున్న. పప్పుల ఉప్పు ఎక్కువేస్తున్నవ్."

అమ్మకు ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. నోటికొచ్చినట్టు తిట్టింది. చేతులు మాత్రం వదల్లేదు.