కారుకు పేరు పెట్టిన రోజు

పోయిన వారం మా మనవడు కొత్త కారు తెచ్చి వాకిట్లో నిలిపితే, దానికి అప్పటికే నంబరు పలక బిగించి ఉండటం చూసి నాకు ఆశ్చర్యం వేసింది. బండ్ల ఆఫీసుకు పోవాల్సిన పని ఎవరికీ పడలేదట, కాగితాలన్నీ అమ్మినవాళ్లే కంప్యూటరులో పంపేశారట. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో అదెంత పెద్ద పనో మన వయసువాళ్లకు గుర్తుండే ఉంటుంది.

అప్పట్లో మేము తమిళనాడులో పాపారపట్టి పక్కన సేద్యం చేసుకునేవాళ్లం. కుప్పం నుంచి వచ్చిన మా కోడలు, నలభై దాటిన నాకు బలపం పట్టించి తెలుగు అక్షరాలూ అంకెలూ నేర్పింది. చుట్టూ అరవ బోర్డులే ఉన్న ఊళ్లో ఆ అక్షరాలతో ఏం పనని అందరూ నవ్వినా, సంతకం వచ్చింది కదా అని మా ఇంటాయన మొదటి కారును నా పేరు మీదే కొన్నారు.

కారు వచ్చిన రోజే మా అత్తగారు పసుపూ గంధమూ నూనెలో కలిపి, ముందు మూత తెరిపించి, లోపల ఇనుము కనిపించిన చోటల్లా పూసి బొట్లు పెట్టారు. అయితే నంబరు వచ్చేదాకా అందులో కాలు పెట్టనన్నారు. "పేరు పెట్టని బిడ్డను గుడికి ఎత్తుకోని పోతారా ఎవరన్నా?" అని ఆమె పట్టు. ఆయాసంతో మంచం పట్టిన ఆమెకు తీర్థమలై గుడికి పోవాలని, కొండ ఎక్కలేకపోయినా కింద కూర్చొని ఆ తీర్థం తాగాలని ఒకటే కోరిక. ఆడి నెల, అంటే అరవల ఆషాఢం, పుడితే పేరు పెట్టే పని చేయకూడదు. అది దాటేదాకా ఆమె ఉంటారో లేదో అన్న మాట మా అందరి మనసుల్లోనూ ఉంది, నోటితో అన్నవాళ్లు లేరు. అందుకే ఆడి పుట్టడానికి ముందు రోజు నేనూ మా ఇంటాయనా ధర్మపురిలో బండ్ల ఆఫీసుకు కారు తీసుకుపోయాం.

ఆఫీసు గోడ పక్కన కూర్చున్న బ్రోకరు మన భాష మాట్లాడే కోమట్ల ఇంటివాడే. అమ్మకం కాగితం, ఇన్సూరెన్సు, రేషన్ కార్డు నకలు ఒకటొకటిగా గుచ్చుతుంటే ఏది ఎందుకని నేను అడుగుతూనే ఉన్నాను. నా సంతకాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇవేనా అక్కా మన అచ్చరాలు? మాట్లాడేదే గానీ నేను చూసింది లేదు" అన్నాడు.

ఆ తర్వాత ఇంజను దగ్గర ఇనుములో కంపెనీవాళ్లు చెక్కిన నంబరు మీద పలుచని కాగితం పరిచి పెన్సిలుతో రుద్దాలట, అచ్చు లేస్తుందట. బ్రోకరు ఎంత రుద్దినా నల్లటి మరకే తప్ప ఒక్క అంకె లేవలేదు.

"ఏమక్కా, బండికి పేరంటం చేసినారా? నంబరంతా పసుపులో మునిగిపోయుండాది!"

"మా అమ్మ పని," అన్నారు మా ఇంటాయన. "తొందర పెట్టిందీ ఆమే, అడ్డం పడిందీ ఆమే!"

భోజనానికి లేచేలోపల అచ్చు చూపించకపోతే వచ్చే వారమేనని ఇన్‌స్పెక్టరు అరవంలో చెప్పి పోయాడు. నేను గాజుకు తగిలించుకున్న పిన్నీసు తీసి గట్టిపడిన పసుపును గీకబోయాను.

"వద్దక్కా! గీత పడిందంటే దిద్దిన నంబరంటారు, బండిని లోపల పెట్టేస్తారు!"

టీ అంగడిలో కాస్త కిరసనాయిలు, ఒక చీపురుపుల్ల అడిగి తెచ్చాను. ఊపిరి బిగబట్టి ఒక్కో గుంటా తుడిచి, పెన్సిలు నాకే ఇమ్మన్నాను. రుద్దే కొద్దీ నల్లదనంలోంచి తెల్లగా ఒక మూడు, ఒక తొమ్మిది, నేను పలక మీద దిద్దుకున్నవే, ఎవరూ రాయకుండానే లేచి వస్తుంటే అప్పటిదాకా ఉన్న భయం కూడా మరిచిపోయాను. ఇన్‌స్పెక్టరు కాగితాన్ని ఇనుము పక్కన పెట్టి సరిచూసి, పసుపు వాసనకు నవ్వి, సంతకం పెట్టాడు. సాయంత్రానికి కారు నంబరు వచ్చింది. గేటు బయట పెయింటరు దాన్ని రాసి ఇచ్చాడు.

దీపాలు పెట్టే వేళకు ఇల్లు చేరితే, అత్తగారు మా కోడలి భుజం పట్టుకుని వాకిట్లోకి వచ్చారు.

"దీనికి చెవి ఏదిరా?" అని కొడుకును అడిగారు. ఆయన నవ్వుతూ పక్క అద్దం చూపించారు.

"నువ్వే చదివి చెప్పు మ్మే. నాకు అచ్చరం రాదు కదా," అన్నారు నాతో.

అద్దం దగ్గరికి వంగి, గొంతు తగ్గించి ఒక్కో అంకే చదివాను. అద్దంలో నా వెనక ఆమె ముఖం కనిపించింది, తానూ నాతో పాటు పెదవులు కదుపుతున్నారు.

మరునాడు తీర్థమలై కింద, కారు ముందు సీటులో కాళ్లు కిందికి చాపుకుని తీర్థం తాగారు. ఆ ఆడి నెల ఆమె దాటలేదు.

ఇప్పుడు పనులు చప్పున అయిపోతున్నాయి, మంచిదే. ఎండలో ఎవరూ నిలబడనక్కర్లేదు. కానీ ఒక పెద్దామె కోరిక తీరాలని ఇల్లంతా కలిసి భయపడి, పరుగెత్తి, ఆమె మాటకు నవ్వుకుంటూనే తలవంచడం ఈ మధ్య నేను ఎక్కడా చూడలేదు. అత్తగారి వయసు నాకూ వచ్చింది, పట్టుబట్టి అడగాలంటే ఏం అడగాలో తోచడం లేదు.