నోరు మూసుకుని చదివిన చదువు

మా ఇంట్లో చదువంటే వినపడాలి. పెనుకొండలో రోడ్డు పక్కన మా నాయనకు పంక్చర్ షాపు ఉంది. దాని వెనక రెండు గదులు మా ఇల్లు, అందులో ఒక మూల నా చదువు. షాపులో కంప్రెసర్ మోగుతూ ఉంటుంది కాబట్టి దాన్ని మించి చదవాలి. నా గొంతు ఆగిందంటే నాయన ట్యూబును నీళ్లలో ముంచినవాడు ముంచినట్టే తల తిప్పి, "ఏమప్పా, పండుకున్యావా?" అని అడిగేవాడు. ట్యూబులో గాలి పోతే బుడగలొస్తాయి, కొడుకు చదువు పోతే చప్పుడు ఆగుతుంది. రెండూ కనిపెట్టడం ఆయనకు ఒకటే పని.

ఆయన చదివింది ఐదో తరగతి. నా పుస్తకంలో ఏముందో చూసి చెప్పలేడు గానీ, చదువు జరుగుతోందో లేదో చెవులతో తనిఖీ చేయగలడు. టైరు విప్పించుకుంటూ లారీ డ్రైవర్లెవరైనా "మీవాడు బాగా చదువుతాండాడే" అంటే, వాళ్లకు గాలి ఉచితం. ఆ విధంగా నా చదువువల్ల ఇంట్లోకి వచ్చిందేమీ లేకపోయినా, కొంత గాలి మాత్రం బయటికి పోయింది.

డిగ్రీ అయ్యాక బి.ఎడ్. ఎంట్రెన్స్ రాశాను. పిల్లల ముందు నిలబడి మాట్లాడడం ఒక్కటే నాకు చేతనవుతుందని నా నమ్మకం. వేరే దేనికీ పనికిరానని మా వీధి నమ్మకం. రెండూ కలిసి టీచరు పని దగ్గర ఆగాయి. ర్యాంకు వచ్చింది. అదెంత పొడుగు అంకె అంటే, మా అవ్వ ఫోన్ నంబరనుకుని "ఎవరిదిరా?" అని అడిగింది.

రెండోసారికి గైడు మార్చాను. మొదటిదానికంటే లావుపాటిది తెచ్చి, మొదటిదానికంటే గట్టిగా చదివాను. ర్యాంకు మరికొంచెం లావెక్కింది. మూడోసారికి హిందూపురంలో కోచింగ్‌లో చేరాను. పొద్దున్నే రైల్లో పోయి, సాయంత్రం వచ్చి, అక్కడ చెప్పిందంతా కంప్రెసర్‌కు అప్పజెప్పేవాణ్ణి. అప్పుడూ సీటు రాలేదు.

మా షాపుకు ఒక మేస్త్రి వచ్చేవాడు. కార్ల ఫ్యాక్టరీకి కూలి మనుషుల్ని పంపడం ఆయన పని. మూడోసారి ర్యాంకు చూసిన సాయంత్రం నాయన చేతులు తుడుచుకుంటూ, "ఇంగొక్కసారి రాయి. రాకుంటే ఆయప్ప ఎంబడి పో. మాట్లాడినా" అన్నాడు. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే వాదించడానికైనా వీలుండేది.

నాలుగోసారికి మార్చడానికి నా దగ్గర ఏమీ మిగల్లేదు. గైడు మార్చాను, ఊరు మార్చాను, తూర్పుకు తిరిగి కూర్చోవడం కూడా అయింది. ఆ స్థితిలో హిందూపురం కోచింగ్‌లో నమూనా పరీక్ష పెట్టారు. కంప్యూటర్ల గదిలో నా పక్కన మడకశిర వైపు పిల్లవాడొకడు కూర్చున్నాడు. కాసేపు ఓర్చుకుని, నావైపు వంగి, "అన్నా, కొంచెం మెల్లగా చదువన్నా. నీ ప్రశ్న వినపడి నా ప్రశ్న మర్చిపోతాండా" అన్నాడు.

అంతవరకు నేను నిశ్శబ్దంగా ఉన్నాననే అనుకున్నాను.

అప్పుడు గుర్తొచ్చింది. మూడు పరీక్షల్లోనూ ఇన్విజిలేటర్లు నా దగ్గరికి వచ్చి "మాట్లాడకూడదు" అన్నారు. అది అందరికీ చెప్పే మాటే కాబోలు, నా దగ్గర నిలబడి చెబుతున్నారని అనుకున్నాను. పెదవులు బిగించి తెర మీది పేరా మళ్లీ చదివి చూశాను. కళ్లు లైన్ల వెంట పోతున్నాయి గానీ లోపలికి ఏమీ రావడం లేదు. ఇన్నేళ్లూ నేను చదివింది కళ్లతో కాదు, చెవులతో. ప్రతి ప్రశ్నా నాకు నేనే గొణిగి వినిపించుకోవడం, ఎవరైనా చూస్తే ఆగడం, మళ్లీ మొదటినుంచి అందుకోవడం. ఈలోగా టైమైపోయేది. నాకు జవాబులు రాక కాదు సీటు రానిది, సగం ప్రశ్నలదాకా నేనే రాక.

గైడు కట్టి అటక మీద పెట్టేశాను. కొత్త పాఠం ఒకటే, నోరు మూసుకోవడం. నోరు తెరిచి బతికే ఉద్యోగం కావాలంటే ముందు అది మూయాలన్నమాట. పెదవులు మూస్తే నాలుక కదిలేది. అందుకని నోటినిండా నీళ్లు పట్టి, పాత ప్రశ్నపత్రాలు ముందేసుకుని కూర్చున్నాను. జవాబు తెలియనివాడు నీళ్లు నములుతాడంటారు. నేను జవాబు తెలుసుకోవడానికే నీళ్లు పట్టాను. మొదట్లో పేరా అయ్యేలోగా మింగేసేవాణ్ణి. చదివినదానికంటే దొడ్లోకి పోయి వచ్చింది ఎక్కువ.

మొదటి రోజే కంప్రెసర్ ఆగింది. నా గొంతు లేదు.

"ఏమప్పా, పండుకున్యావా?"

జవాబు చెప్పే వీలు లేదు. నాయన జిడ్డు చేతులతోనే వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ఉబ్బిన బుగ్గలు చూసి, అలిగినావా అని అడిగాడు. తల అడ్డంగా ఊపాను. అవ్వ వచ్చి చూసి, పన్ను వాచిందని తేల్చి, లవంగం తేవడానికి వంటింట్లోకి పోయింది. గుటుక్కున మింగి, విషయమంతా చెప్పాను. నాయన ఒక్క మాట అడిగాడు.

"చప్పుడు లేకుండా చదివితే, అది నీకన్నా వినపడతాదా?"

నిజానికి అప్పటికింకా వినపడడం లేదు. ఆ సంగతి చెప్పలేదు.

ఆయన వద్దనలేదు గానీ, తనిఖీ పద్ధతి మార్చుకున్నాడు. మధ్యమధ్య తొంగి చూసి, కాగితం తిరుగుతోందో లేదో గమనించేవాడు. ఒకే లెక్క మీద ఎక్కువసేపు కూర్చుంటే బయట దగ్గు వినపడేది. నేను కాగితం తిప్పి, ఆయన పోయాక మళ్లీ వెనక్కి తిప్పుకునేవాణ్ణి. షాపుకు వచ్చినవాళ్లు "ఏమబ్బా, మీవాడు చదువు ఇడిసిపెట్నాడా?" అని పరామర్శించడం మొదలుపెట్టారు. నాయన గాలికి అందరి దగ్గరా డబ్బు తీసుకున్నాడు.

కొన్ని వారాలు పోయాక ఒక మధ్యాహ్నం ప్రశ్నపత్రం పూర్తిచేసి తలెత్తితే, గ్లాసులో నీళ్లు పోసినవి పోసినట్టే ఉన్నాయి. నోరు ఖాళీగా ఉంది, నాలుక ఎక్కడిదక్కడే ఉంది.

పరీక్ష ధర్మవరంలో పడింది. రైలు దిగి సెంటరుకు పోయేదాకా ధైర్యంగానే ఉన్నాను. తెర మీద మొదటి పేరా రాగానే నాలుక లేచింది. పళ్ల వెనక అదిమిపెట్టి, కళ్లను ముందుకు తోలాను. రెండో పేరాకు చదువు దారిలో పడింది. ఇన్విజిలేటర్ నా పక్కనుంచి నడిచిపోయాడు, ఏమీ అనలేదు. నాకు ఆ రోజు వచ్చిన మొదటి మార్కు అది. టైముండగానే చివరి ప్రశ్నకు చేరాను. ఆ పరీక్షలో చివరి ప్రశ్న నేను చూడడం అదే మొదలు. ఏదో గొప్పగా ఉంటుందనుకున్నాను. మామూలు ప్రశ్నే.

ర్యాంకు ఫ్లెక్సీ వేయించుకునేంతది కాదు. హిందూపురంలో ఒక కాలేజీలో సీటుకు సరిపోయింది. నాయన నా ఫోనును దూరంగా పట్టుకుని ఆ అంకెను చూసి, "ఇది పొట్టిదే" అని తిరిగిచ్చేశాడు.

నన్ను తీసుకుపోవడానికి మేస్త్రి వచ్చిన రోజు నేను లోపల సర్టిఫికెట్లు సర్దుకుంటున్నాను. కంప్రెసర్ ఆపి ఉంది కాబట్టి బయటి మాటలన్నీ వినపడ్డాయి.

"మావాడు రాడులేప్పా. సీటొచ్చింది."

మూడుసార్లు రానిది ఇప్పుడెట్లా వచ్చిందని మేస్త్రి అడిగాడు. అంత గట్టిగా చదివినాడా అన్నాడు.

నీళ్లలో ట్యూబు తిప్పుతున్న చప్పుడు వచ్చింది.

"ఎట్లా చదివినాడో నాకు తెల్దప్పా," అన్నాడు నాయన. "ఒక్కరోజన్నా వినపళ్ళేదు."